బుల్లితెర - నేను - మా నాయిన

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మిత్రులు వెంటపడినప్పుడు నేను ముందుగా 'క్వాంటం సిద్ధాంతం - నవయుగం' అని ఒక ఘనమైన శీర్షిక పెట్టుకున్నాను. రెండు పేరాలు పూర్తయ్యేసరికి నాకే ఆవులింతలు వచ్చాయి. మా హాస్టల్ గదిలోని మిత్రుడు కాగితం లాక్కుని చదివి, "ఇది పరీక్షలో వ్రాసుకోరా, పది మార్కులకు వస్తది. ఇక్కడ మాత్రం నీకు బాగా తెలిసింది వ్రాయి" అన్నాడు. బాగా తెలిసింది అంటే ఏముంది? వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన నాకు బాగా తెలిసినవి రెండే రెండు. ఒకటి వరి. రెండవది టీవీ. వరి గురించి ఎవరూ చదవరు గనుక రెండవదాన్ని ఎంచుకున్నాను. వ్రాయడం మొదలుపెట్టాక వరి దానంతట అదే వచ్చి చేరింది. పాఠక మిత్రులు మన్నించాలి.

మాది హాలియా దగ్గర ఒక చిన్న పల్లె. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1967లో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిననాటికి మా నాయినమ్మ కొత్త కోడలు. అంతకుముందు ఆమె కాలువ పనికి పోయి తట్టలతో మట్టి మోసింది. "ఈ కాల్వల నా తట్ట మన్ను కూడ ఉన్నది" అని చాలా గర్వంగా చెప్పేది. మా ఊళ్ళో మంచీ చెడూ అన్నీ ఆ కాలువను బట్టే జరుగుతాయి. పెళ్ళిళ్ళు, అప్పులు, పిల్లల చదువులు అన్నీ అంతే. మా ఇంటికి టీవీ రావడం కూడా అలాగే జరిగింది.

2010 వేసవిలో, నాకు అయిదేళ్ళప్పుడు, యాసంగి పంట బాగా వచ్చింది. వడ్లు ట్రాక్టరు మీద మిర్యాలగూడ మిల్లుకు పోయాయి. నాయిన రెండవ రోజు సాయంత్రం ఆటోలో దిగాడు. ఒళ్ళో పెద్ద అట్టపెట్టె. హాలియాలో కొన్న ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీ. అమ్మ ఎరువుల దుకాణం బాకీ సంగతి అడిగింది. నాయిన వినపడనట్టు ప్లగ్గు కోసం గోడంతా వెదికాడు. నాయినమ్మ మాత్రం లేచి వెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చి టీవీ నుదుటికి బొట్టు పెట్టింది. ఆ బొట్టు గుర్తు చాలా కాలం పోలేదు. అది అద్దానికి సరిగ్గా పైన ఉండేది కాబట్టి వార్తలు చదివే వారందరూ మా ఇంట్లో బొట్టు పెట్టుకున్నట్టే కనిపించేవారు. మగవారితో సహా.

ఇక మొగలిరేకుల సంగతి. జెమినీ టీవీలో 2008 నుంచి 2013 దాకా నడిచిన ఆ ధారావాహికను మంజులా నాయుడు గారు తీశారు. దాని గురించి చెప్పమంటే మన కళాశాలలో చాలామంది ముక్కు విరుస్తారు. సైన్సు విద్యార్థి సీరియల్ గురించి మాట్లాడడమా అని. విరవనివ్వండి. మా వీధిలో ఆ సమయానికి అన్నం కంచాలు పట్టుకుని కనీసం పది మంది మా ఇంట్లో ఉండేవారు. అమ్మ ఒక రోజు కథలో పడి అన్నం మాడబెట్టింది; అందరూ ఆ మాడునే ఏమీ అనకుండా తిన్నారు, ఎందుకంటే తప్పు అందరిదీ. ఆర్.కె. నాయుడు అనే పోలీసు అధికారి పాత్రలో సాగర్ గారు తెర మీదికి రాగానే నాయినమ్మ కాళ్ళు ముడుచుకుని సర్దుకు కూర్చునేది. ఇంటికి పెద్దమనిషి వచ్చినప్పుడు కూర్చునే పద్ధతి అది. చెడ్డవాళ్ళు మాట్లాడుతుంటే తిట్టేది. తిట్టినా వాళ్ళు మారడం లేదని మరునాడు పొలంలో కలుపు తీస్తూ బాధపడేది. ఒకసారి ఆమెకు కండ్లల్లో శుక్లాలు వచ్చి మసక కమ్మింది. అప్పటి నుంచి ఆపరేషను అయ్యేదాకా తెర మీద ఏం జరుగుతున్నదో చెప్పడం నా పని. "ఇప్పుడు ఎవరొచ్చిండ్రు బిడ్డా? మొఖం ఎట్ల పెట్టిండు?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఆరేడేళ్ళ పిల్లవాణ్ణి, నాకు కథ పూర్తిగా అర్థమై చావదు, అందుకని సొంత కవిత్వం కొంత కలిపేవాణ్ణి. ఆమె కండ్లు బాగుపడ్డాక "నువ్వు చెప్పిందే మంచిగుండెరా" అన్నది. నా రచనలకు ఇంతవరకు వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

వాన వస్తే మాత్రం మా ఇంట్లో యుద్ధమే. మబ్బు ముదరగానే బొమ్మ ముక్కలు ముక్కలై, గడులు గడులై, ఆగిపోయేది. "ఇంద్రునికి మన మొగలిరేకులంటే కండ్లమంట" అనేది నాయినమ్మ. అమ్మ గొడుగు వేసుకుని దాబా ఎక్కి డిష్‌ను గుడ్డతో తుడిచి వచ్చేది. ఇప్పుడు భౌతికశాస్త్రం చదువుతున్నాను కనుక కారణం చెప్పగలను. మా డిష్ ఆగ్నేయం వైపు, భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వైపు మొగం పెట్టి ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పెద్ద వానచినుకు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. తరంగం పొడవు ఎంత తగ్గి చినుకు పరిమాణానికి దగ్గరపడితే, చినుకులు దాని శక్తిని అంతగా మింగుతాయి, చెదరగొడతాయి. తుడిస్తే పోయేది కాదు. ఈ మాట సెలవుల్లో అమ్మకు వివరించాను. "నేను తుడ్సినప్పుడల్లా వచ్చింది గదా" అన్నది. వాన తగ్గాక వచ్చిందని ఆమెతో ఎవరు వాదిస్తారు?

ఇదే సందర్భంలో మరొకటి చెప్పాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు, తెలుగులో కూడా. ఆ పల్లెల్లో పెట్టిన గొడుగులు మూడు మీటర్ల వెడల్పువి, కోళ్ళగూటికి కొట్టే జాలీతో చేసినవి! మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. చిల్లుల జాలీ తరంగాన్ని ఎలా పడుతుంది? లెక్క వేస్తే తెలిసింది. ఆ ప్రసారం 860 మెగాహెర్ట్జ్ మీద. తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. దానికి ఆ చిన్న చిల్లులు ఉన్నట్టే లెక్క కాదు. వాన కూడా లెక్క కాదు. అంటే ఆ రోజుల్లో నాయినమ్మ టీవీ చూసి ఉంటే ఇంద్రుణ్ణి తిట్టే అవసరం వచ్చేది కాదు. మా ఊరికి ఆ గొడుగు రాలేదనుకోండి. తరగతిలో తరంగాల పాఠం చెప్పినప్పుడు ఇటువంటి ఉదాహరణ ఒక్కటి చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. పోనివ్వండి.

మా నాయిన టీవీ భక్తి నాకంటే పాతది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైనప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. ఊరంతటికీ ఒక్కటే నలుపు తెలుపు టీవీ, అదీ పటేల్ గారింట్లో. ఆదివారం పొద్దున పశువులను తొందరగా తోలుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు కింద నిలబడి చూసేవారట. మాటలన్నీ హిందీ. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "అర్థం కావుడేంది, రామాయణమే గదరా!" అంటాడు నాయిన. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొచ్చి తగిలించేవారట. బొమ్మ పోతే ఒకడు దాబా మీద ఏంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని, కిందివాళ్ళు "ఇంక కొంచెం!" అని. ఆ తిప్పేవాడికి కథ చూసే అదృష్టం ఉండేది కాదు. ఆ తిప్పేవాడు మా నాయినే అని నాకు చాలా ఏండ్ల తర్వాత, అత్తమ్మ చెబితే తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఇంటికి టీవీ వచ్చాక తెల్లవారుతూనే ఈటీవీలో అన్నదాత పెట్టడం నాయిన హక్కు. ఆ వేళకు ఎవరూ రిమోటు తాకరాదు. 1995లో ఆ చానల్ మొదలైన నాటి నుంచి రైతులు చూస్తున్న కార్యక్రమం అది. చాయ్ గ్లాసు చల్లారిపోయేది. ఎక్కడో ఎవరో రైతు ఎకరానికి ఎన్ని బస్తాలు తీశాడో చెబుతుంటే మా నాయిన చిన్నగా "అబద్ధం" అనేవాడు. మరునాడు పొలంలో అదే పద్ధతి ప్రయత్నించేవాడు.

కానీ మా ఇద్దరికీ కలిపి ఉన్న పిచ్చి ఒకటే. పాడుతా తీయగా. 1996లో ఈటీవీలో మొదలై, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పేరుతో విడదీయలేనంతగా కలిసిపోయిన కార్యక్రమం. నాయినకు రాగం తాళం తెలియవు. నాకూ తెలియవు. మేము చూసేది పిల్లలు పాడడం ఒక్కటే కాదు, పాడిన తర్వాత బాలు గారు మాట్లాడడం. పాట ఎవరు వ్రాశారు, ఎవరు స్వరం కట్టారు, రికార్డింగు నాడు ఏం జరిగింది అని ఆయన చెబుతుంటే పక్కింటి పెద్దమనిషి మా అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. 'ళ' పలకవలసిన చోట 'ల' పలికితే ఆపి, నవ్వుతూ, నొప్పించకుండా దిద్దేవారు. నాకు 'ళ' పలకడం ఆయన వల్లనే వచ్చింది. బడిలో దెబ్బల వల్ల రాలేదు. ఇంజినీరింగు చదవబోయి పాటలోకి వచ్చిన మనిషి అని తెలిసినప్పుడు నాయిన నా వైపు అనుమానంగా చూశాడు. భయపడనక్కర లేదు నాయినా, నా గొంతు నీకు తెలుసు.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2015. నాకు పదేళ్ళు. ఆ ఏడు వానలు లేవు. సాగర్‌లో నీళ్ళు లేవు. మా తూముకు ఆ వానాకాలం చుక్క రాలేదు. నాలుగెకరాల్లో ముప్పై గుంటలు మాత్రం బోరు కింద నాటు పెట్టాడు నాయిన. మిగతాది బీడు. నిజం చెప్పాలంటే నేను టీవీ అన్నిటికంటే ఎక్కువగా చూసింది ఆ సంవత్సరమే. పని లేదు కనుక అందరూ ఇంట్లోనే ఉండేవారు. పిల్లవాడికి అది పండుగలా ఉండేది. పెద్దవాళ్ళు ఎందుకు మాట్లాడడం లేదో పట్టించుకునే వయసు కాదు.

వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరిలో వచ్చింది. అంతకుముందు వంతుల వారీగా. మా వంతు ఆ వారం రాత్రి. పక్క చేనులోనూ ఒక బోరు ఉన్నది. దగ్గర దగ్గర బోర్లు ఉన్న చోట, కరువు కాలంలో, ముందు మోటారు వేసినవాడికే నీళ్ళు. రెండవవాడి బోరు గాలి పీలుస్తుంది. ఆ రోజు నాయిన పగలంతా హాలియాలో అప్పు కోసం తిరిగి వచ్చి, రెండు ముద్దలు తిని పడుకున్నాడు. "కరెంట్ రాంగనే నన్ను లేపురా. వరి పొట్ట మీదున్నది. మర్సిపోకు" అన్నాడు. త్రీఫేజు వచ్చిందని మాకు తెలిసే గుర్తు ఒకటుంది. చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి గనుక ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారి మళ్ళీ వెలుగుతుంది. పొలాల వైపు నుంచి 'హూం' అని చప్పుడు మొదలవుతుంది.

పాడుతా తీయగా అప్పుడే మొదలైంది. పోటీ చివరి దశకు వచ్చింది. మా ఇద్దరికీ ఇష్టమైన అమ్మాయి ఒకతె ఉండేది. సన్నగా, బెదురు చూపులతో, పాట మొదలుపెట్టగానే మాత్రం పెద్దమనిషి అయిపోయేది. ఆమె ఇంకా పాడలేదు. బల్బు మసకబారింది. నేను చూశాను. చప్పుడు కూడా విన్నాను. ఈ పాట కాగానే లేపుదామనుకున్నాను. ఆ పాట అయింది, బాలు గారు మాట్లాడడం మొదలుపెట్టారు. అది వినకుండా ఎలా? తరువాత ఇంకొకరు. తరువాత ప్రకటనలు. ఆ అమ్మాయి చివరకు వచ్చింది. పాడింది. అయిపోయిన తర్వాత పోయి నాయిన భుజం తట్టాను.

"నాయినా, కరెంటొచ్చింది."

"ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే."

టార్చిలైటు పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు.

నేను టీవీ ఆపి దుప్పటి కప్పుకున్నాను. నిద్ర రాలేదు. ఎంతసేపో తెలియదు, తలుపు చప్పుడైంది. నాయిన బురద కాళ్ళు కడుక్కోలేదు. బురదే లేదు గనుక. పొడి కాళ్ళతో మంచం అంచున కూర్చున్నాడు. నేను కండ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటించాను. చీకట్లో చాలాసేపటికి, మెల్లగా, అడిగాడు:

"ఇంతకీ ఆ పిల్ల పాడిందా?"

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. దుప్పట్లోంచే, "పాడింది" అన్నాను.

"మంచిగ పాడిందా?"

"ఆఁ."

"సరే, పండుకో."

కొసమడిలో గింజ సరిగా పాలు పోసుకోలేదు. ఎక్కువ తాలు పోయింది. కల్లంలో తూర్పార పడుతున్నప్పుడు గాలికి ఎగిరిపోయే తాలును నాయినమ్మ చూసి "ఈ మడికేమైందిరా?" అని అడిగింది. నాయిన "కరువు గద" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ మడి కరువు వల్లనే అలా అయిందో, నా వల్ల అయిందో లెక్క కట్టడం నాకు చేతనైన ఏ శాస్త్రంతోనూ సాధ్యం కాలేదు. ఒక్క రాత్రి నీళ్ళకే అంత జరగదని వ్యవసాయ డిగ్రీ చదువుతున్న స్నేహితుడు అన్నాడు. అతనికి నేను అడిగిన కారణం తెలియదు.

తరువాతి సంవత్సరాలు త్వరగా గడిచాయి. జబర్దస్త్ కూడా చూశాం, అది 2013 నుంచే ఉన్నది. నవ్వాను కూడా, ఒప్పుకుంటాను, కానీ ఇప్పుడు తలచుకుంటే ఒక్క ముక్కా గుర్తు రాదు. హాస్టలుకు వచ్చాక ఫోనులో అమృతం చూడడం మొదలైంది. గుణ్ణం గంగరాజు గారు 2001 నుంచి 2007 దాకా నడిపిన ఆ ధారావాహికను అది అయిపోయే నాటికి పాలు తాగుతున్న మేము ఇప్పుడు పగలబడి నవ్వుతూ చూస్తున్నాం. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు కదా, వారిలో అసలు అమృతం ఎవరు అనే విషయం మీద మా రెండవ అంతస్తులో మూడు పార్టీలు ఉన్నాయి. సంఘం ఎన్నికల కన్నా తీవ్రమైన పార్టీలు. నేను ఎవరి వైపో ఇక్కడ వ్రాయను. రాత్రి గదికి పోవాలి.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసింది. నాయినకు ఒక్క రోజూ చూసే వీలు చిక్కలేదు. యాసంగి కోతలు. ఆ ఏడు వడ్లు ఊళ్ళలోనే కొన్నారు. కాంటా అయ్యేదాకా రాశి దగ్గర కాపలా ఉండాలి. నేను చూసి, సద్ది పట్టుకుని కల్లం దగ్గరికి పోయేవాణ్ణి. "చెప్పు" అనేవాడు. కథ కాదు. కథ ఆయనకు నాకంటే బాగా తెలుసు. "బాణాలు ఎదురెదురుంగ వచ్చి ఆకాశంల కొట్టుకుంటయ్ గద, అది రంగుల ఎట్ల కొడుతున్నది?" అని అడిగేవాడు. ముప్పై మూడేళ్ళ కింద ఏంటెన్నా తిప్పుతూ ఆయన చూడలేకపోయినవన్నీ అడుగుతున్నాడని అప్పుడు తట్టింది. నాయినమ్మకు చెప్పినట్టే చెప్పాను. ఈసారి కవిత్వం కలపలేదు.

ఆ వానాకాలం, సెప్టెంబరు 25న, బాలు గారు పోయారు. ఆగస్టు నుంచి చెన్నై ఆసుపత్రిలో ఉన్నారని రోజూ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అయినా మనసు ఒప్పుకోలేదు. నాయిన పొలంలో ఉన్నాడు. నేను గట్టు మీద నడుచుకుంటూ పోయి చెప్పాను. పార భుజం మీంచి దించి నీళ్ళల్లో నిలబెట్టి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ ఏడు కాలువ నిండుగా ఉన్నది. మడులన్నీ నీళ్ళతో మెరుస్తున్నాయి. నాకు 2015 రాత్రి గుర్తొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన "పోదాం పా, టీవీల చూపిస్తరు" అని గట్టెక్కాడు. నోరు మూసుకున్నాను. నాయినమ్మ ఆ చలికాలమే పోయింది.

2021 చివరి నుంచి పాడుతా తీయగాను బాలు గారి కుమారుడు చరణ్ గారు నడిపించారు. నాయిన చూస్తాడు. "కొడుకు మంచిగనే చేస్తుండు" అంటాడు. అంతకు మించి అనడు.

ఈ సంచిక అచ్చయ్యాక ఇంటికి తీసుకుపోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. నాయినకు చదువు వచ్చు. నిదానంగా, అక్షరం మీద వేలు పెట్టి చదువుతాడు.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు రాత్రి ఏదో చానెల్లో పాటల పోటీ వస్తున్నది. ఇప్పుడు గోడకు అతికించే పలుచని టీవీ వచ్చింది. పాత డబ్బా, బొట్టుతో సహా, ధాన్యం గదిలో ఉన్నది. ఒక చిన్న పిల్ల పాట అందుకున్నది. అంతలో వాన. బొమ్మ గడులు గడులై ఆగిపోయింది. అమ్మ గుడ్డ కోసం లేచింది. నాయిన గోడకు వేలాడుతున్న టార్చి తీసుకుని, తలకు సంచి కప్పుకుని, "గట్టు తెగుతదేమో, చూసొస్త" అని బయటికి నడిచాడు. నేనూ లేచాను. "నువ్వెందుకు, కూసో" అని గుమ్మం దగ్గర ఆగాడు.

"బొమ్మ వస్తే చూడు. నేనొచ్చినంక చెప్పు."